చిచెన్ ఇట్సా బంతి మైదానం: తల తెగింది ఓడినవాడిదా, గెలిచినవాడిదా?

డాలస్ చిన్నోడు
అందరికీ నమస్తే. పోయిన వారం ఇంటిల్లిపాదీ కాన్‌కూన్ వెళ్లొచ్చాం. అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు కాబట్టి మా అపార్ట్‌మెంట్లలో తెలుగువాళ్లు సగం మంది ఎప్పుడో చూసొచ్చేశారు, మేమే ఆలస్యం.

సముద్రం సంగతి సరే. ఒక రోజు టూర్ బస్సెక్కి చిచెన్ ఇట్సా వెళ్లాం, అక్కడి మాయా అనే జాతివాళ్లు ఎప్పుడో కట్టిన పాత నగరం అది. పిరమిడ్ ఫొటోల్లో చూసినట్టే ఉంది. నన్ను పట్టేసింది మాత్రం దాని పక్కనున్న బంతి మైదానం. పొడవు 168 మీటర్లు, వెడల్పు 70. రెండు వైపులా నిట్టనిలువుగా 8 మీటర్ల గోడలు. ఒక్కో గోడ మధ్యలో, నేల నుంచి దాదాపు 20 అడుగుల ఎత్తున ఒక రాతి వలయం. అది మన బాస్కెట్‌బాల్ రింగులా పడుకుని ఉండదు, గోడకి చెవిలా నిలువుగా పొడుచుకొచ్చి ఉంటుంది. చేత్తో ముట్టుకోకుండా, కాలితో తన్నకుండా, తుంటితో కొట్టి బంతిని అందులోంచి దూర్చాలట!

గైడు చెప్పిందేమిటంటే, ఆట అయ్యాక గెలిచిన జట్టు నాయకుడి తల నరికేవారట. దేవుడికి మేలైనదే ఇవ్వాలి కాబట్టి. వెంటనే మా నాన్నగారు "మరి ఏ తిక్కలోడు గెలుస్తాడ్రా?" అన్నారు. నాకు నవ్వొచ్చింది కానీ ఆ ప్రశ్న మాత్రం వదల్లేదు. తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి. అసలు ఎవరి తల తీసేవాళ్లు?

అర్ధరాత్రి పాఠకుడు
మీ నాన్నగారికి ఒక లైక్.

రాళ్లపిచ్చి
తమ్ముడూ, మీ నాన్నగారు అడిగిందే సరైన ప్రశ్న. గెలిచినవాణ్ణే బలిచ్చేవారు అనే మాట అక్కడి గైడ్లందరి నోటా ఉంటుంది. వినడానికి బాగుంటుంది కాబట్టి నిలబడిపోయింది. దానికి ఆధారం మాత్రం ఏ రాతి మీదా లేదు.

రాళ్ల మీద ఉన్నదేమిటో చెప్తాను. ఆ మైదానంలో గోడల అడుగున ఏటవాలు అరుగులు చూశావు కదా? వాటి మీద ఆరు శిల్ప ఫలకాలున్నాయి, ఒక్కో వైపు మూడేసి. ప్రతి ఫలకంలోనూ అటు ఏడుగురు, ఇటు ఏడుగురు ఆటగాళ్లు వరసగా నిలబడి ఉంటారు. నడుమ పెద్ద బంతి, బంతిలో పుర్రె. బంతికి ఎడమ పక్కవాడి ఒక చేతిలో చెకుముకిరాతి కత్తి, రెండో చేతిలో తెగిన తల. కుడి పక్కవాడు ఒక మోకాలి మీద కూర్చుని ఉంటాడు, మెడ పైన ఏమీ ఉండదు. ఆ మెడలోంచి నెత్తురు పాములై పైకి లేస్తుంది. నడుమ ధార ఒక్కటీ పాము కాదు, పూలు పూసిన తీగ.

కాబట్టి తల నరకడం నిజం. ఎవరు గెలిచారన్నది మాత్రం చెక్కినవాడు చెప్పలేదు.

లెక్కల మాస్టారు
చిన్న సందేహం. ఒకడు తల పట్టుకుని నిలబడ్డాడు, ఇంకొకడు తల లేకుండా కూర్చున్నాడు. ఇందులో గెలిచినవాడు ఎవరో చెప్పాలా? ఇంత స్పష్టంగా ఉంటే చర్చ దేనికి?

రాళ్లపిచ్చి
మాస్టారూ, నా మొగ్గూ అటే. కానీ "ఆటలో ఓడాడు కాబట్టి తల పోయింది" అనడం కూడా తొందరపాటే. మాయా నగరాల శిల్పాల్లో చాలాచోట్ల బలయ్యేవాడు యుద్ధంలో పట్టుబడ్డ ఖైదీ. అతన్ని మైదానంలోకి దింపి ఆడిస్తే అది పోటీ కాదు, జరిగిపోయిన యుద్ధాన్ని జనం ముందు మళ్లీ ఆడి చూపించడం. ఫలితం ముందే తెలుసు. యాక్స్‌చిలాన్ అనే ఇంకో మాయా నగరంలో ఒక మెట్టు మీద రాజు ఆడుతున్న బొమ్మ ఉంది. అందులో బంతి లోపల మనిషిని ముడిచి కట్టేసినట్టు చెక్కారు. అది చూశాక ఓడినవాడా గెలిచినవాడా అన్న ప్రశ్నే మారిపోతుంది.

గోల్కొండ గల్లీ
అన్నా, అక్కడ చప్పట్లు కొట్టి చూసినవా లేదా? నేను రెండేళ్ల కింద పోయిన. ఒక కొసకు నిలబడి మా ఆవిడ మామూలుగా మాట్లాడితే ఇంకో కొసకు నాకు వినబడ్డది. మన గోల్కొండల ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌ల వినబడతది కదా, నాకు అదే యాదికొచ్చింది. అక్కడి గైడుతో కూడా అన్న, మా ఊర్ల గూడా గిట్లనే ఉందని. ఆయన నమ్మలే!

డాలస్ చిన్నోడు
కొట్టామన్నా. మా చిన్నది ఆపకుండా కొడుతూనే ఉంది, ప్రతిసారీ ఒకటికి పది వినిపించాయి. పిరమిడ్ మెట్ల ముందు కొడితే వేరే రకంగా వచ్చింది. చప్పుడు కాదు, పిట్ట కూసినట్టు "కియ్యూ" అని.

శ్రావణమేఘం
ఆ పిట్ట కూతకి కారణం మెట్లేనండీ. ఒక్కో మెట్టు నుంచి శబ్దం విడివిడిగా వెనక్కి వస్తుంది. కింది మెట్ల ప్రతిధ్వనులు దగ్గరదగ్గరగా, పై మెట్లవి ఎడంగా చేరతాయి. అందుకే మొదట సన్నగా మొదలై బొంగురుగా దిగుతుంది. క్వెట్సాల్ అనే ఆకుపచ్చ తోక పిట్ట కూత కూడా అలాగే ఉంటుంది, దాని ఈకలంటే మాయా రాజులకు ప్రాణం. కావాలనే అలా కట్టారా, అలా కుదిరిందా అన్నది మాత్రం ఇప్పటికీ వాదనే.

నాలుగు వైపులా 91 మెట్లు, పైన గుడి వేదిక ఒకటి, మొత్తం 365. ఇది మాత్రం కుదిరింది కాదు.

కృష్ణాతీరం
ఇక్కడ ఒక విషయం ఎవరూ ప్రస్తావించలేదు. మాయా అంటే మన మయుడే కదా? పాండవులకు మయసభ కట్టిన శిల్పి. పాతాళం అంటే అమెరికా ఖండమే అంటారు. పిరమిడ్లు, లెక్కలు, ఖగోళం అన్నీ సరిపోతున్నాయి. వాట్సాప్‌లో ఒక మంచి వీడియో వచ్చింది, కావాలంటే పెడతాను.

లెక్కల మాస్టారు
వచ్చేసింది. ఇంకా రాలేదేమిటా అనుకుంటున్నాను.

రాళ్లపిచ్చి
మాస్టారూ, వెక్కిరించకండి. చాలామందికి నిజంగానే ఆ అనుమానం ఉంది, నాకూ కాలేజీ రోజుల్లో ఉండేది.

కృష్ణాతీరం గారూ, పేర్లలో పోలిక ఒక్కటే ఉందండీ, ఇంకేమీ లేదు. చిచెన్ ఇట్సా ఉన్న యుకటాన్ ప్రాంతంలోనే మాయాపాన్ అనే నగరం ఉండేది, ఆ పేరు నుంచే స్పానిష్‌వాళ్లు అక్కడి జనాన్ని మాయా అన్నారు. వాళ్లు తమని తాము ఊరిపేర్లతో, వంశాల పేర్లతో చెప్పుకున్నారు. పైగా బంతి మైదానాలు ఒక్క మాయావాళ్లవే కావు. మెక్సికో పసిఫిక్ తీరాన పాసో దె లా అమాదాలో దొరికిన మైదానానికి 3,400 ఏళ్లకు పైనే వయసుంది. ఓహాకా కొండల్లో ఎట్లాటోంగోలో ఇంకొకటి బయటపడింది, అది క్రీ.పూ. 1374 నాటిదని 2020లో ప్రకటించారు. మొత్తం మీద ఇప్పటికి 1,500కు పైగా మైదానాలు తెలుసు. ఇవన్నీ అక్కడి మట్టిలో, అక్కడి మనుషులు తరతరాలుగా ఆడుతూ, మారుస్తూ కట్టుకున్నవి. వాళ్ల ఘనత వాళ్లకే ఇద్దాం.

కృష్ణాతీరం
సరేనండీ, వీడియో పెట్టను. కానీ ఒకటి చెప్పండి. అన్ని వేల ఏళ్ల క్రితం బంతి దేనితో చేశారు? తోలా?

శ్రావణమేఘం
ఈ ప్రశ్న కోసమే కాచుకుని కూర్చున్నాను! నా ఉద్యోగం పాలిమర్లతోనే, అంటే రబ్బరు, ప్లాస్టిక్ లాంటివాటితో.

తోలు కాదండీ, గట్టి రబ్బరు. కాస్టిల్లా అనే చెట్టుకి గాట్లు పెడితే పాలు కారతాయి. ఆ పాలు ఆరనిస్తే ముందు జిగటగా ఉండి, తర్వాత పెళుసుబారిపోతాయి, బంతికి పనికిరావు. అందుకని వాళ్లు అందులో ఒక తీగ రసం కలిపేవారు. రాత్రిపూట తెల్లగా పూసే ఐపోమియా జాతి తీగ అది, మన చెరువుల్లో అల్లుకునే తూటికూర కూడా ఆ జాతిదే. రసం పడ్డ కాసేపటికి పాలు విరిగి తెల్లటి ముద్దగా తేలతాయి. వేడివేడిగా ఉన్నప్పుడే దాన్ని పిసికి ఉండ చేస్తే బంతి ఎగురుతుంది. ఎంఐటీ పరిశోధకులు మెక్సికోలో ఇది చేయించి చూసి 1999లో ప్రచురించారు. తీగ రసం పాళ్లు మారిస్తే రబ్బరు గుణం కూడా మారుతుందట. అంటే బంతికి ఒక పాళ్లు, చెప్పు అడుగుకి ఇంకో పాళ్లు. అమెరికాలో గుడ్‌ఇయర్ గంధకంతో రబ్బరు గట్టిపరచింది 1839లో. వెరాక్రూజ్‌లోని ఎల్ మనాతీ ఊటబురదలో దొరికిన బంతులు క్రీ.పూ. 1600 ప్రాంతానివి.

స్పానిష్‌వాళ్లు రాకముందు మధ్య మెక్సికోని ఏలిన ఆజ్టెక్ రాజ్యానికి టోచ్‌టెపెక్ అనే ప్రాంతం నుంచి కప్పంగా వచ్చిన రబ్బరు ఉండలు 16,000 అని మెండోసా కోడెక్స్ అనే 16వ శతాబ్దపు బొమ్మల పుస్తకంలో ఉంది. ఆటకే కాదు, గుళ్లలో ధూపానికీ వాడేవారు. రబ్బరు కాలిస్తే వచ్చే నల్లటి పొగ వాన మబ్బుతో సమానం వాళ్లకి.

గోల్కొండ గల్లీ
మేడం, ఆ బంతి ఎంత బరువుండేది?

శ్రావణమేఘం
లోపల గాలి ఉండదు కదా, మొత్తం నిండు రబ్బరే. ఇవాళ సినాలోవా రాష్ట్రంలో ఉలామా అని ఇదే ఆట తుంటితో ఆడుతున్నారు, ఆ బంతి 3 నుంచి 4 కిలోలు. నాలుగు కిలోల పుచ్చకాయ ఎగిరి వచ్చి నడుముకి తగిలితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. డియెగో దురాన్ అనే స్పానిష్ సన్యాసి 16వ శతాబ్దంలో రాసినదాని ప్రకారం ఆటయ్యేసరికి తుంట్లు కమిలిపోయి, లోపల గడ్డకట్టిన నెత్తురు తీయడానికి చిన్న కత్తితో గాట్లు పెట్టించుకునేవారు. పొట్టలో తగిలి అక్కడికక్కడే చనిపోయినవాళ్లూ ఉన్నారట.

అర్ధరాత్రి పాఠకుడు
బలి దాకా ఎందుకు, బంతే చాలు.

గోదారి గట్టు
ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. గెలిచినవాడు చచ్చిన కథ ఒకటుందండోయ్. గైడు చెప్పినట్టు కాదు, వేరే రకం.

ఆజ్టెక్ రాజు అషాయాకాత్ల్‌కి బంతాట పిచ్చి. షోచిమిల్కో ప్రభువు షివిట్లెమోక్ ఆ ఆటలో దిట్ట. ఇద్దరూ పందెం కాశారు. రాజు తన రాబడులు ఒడ్డాడు, అవతలివాడు తన తోటలు ఒడ్డాడు. రాజు ఓడిపోయాడు! మర్నాడు రాజుగారి మనుషులు మర్యాద చేసే వంకతో షివిట్లెమోక్ ఇంటికి వెళ్లి మెడలో పూలదండ వేశారు. దండలో ఉరితాడు దాచి ఉంచారు. అక్కడికక్కడే బిగించేశారు. స్పానిష్ వలస పాలన కాలంలో రాసిన చరిత్రల్లో ఉన్న కథ ఇది.

పందేల విషయానికొస్తే మా వైపు సంక్రాంతి కోడిపందేలు చాలవు దాని ముందు. నగలు, ఈకలు, ఇళ్లు, చివరికి తమని తామే ఒడ్డి బానిసలైపోయినవాళ్లు ఉన్నారు. బంతి వలయంలోంచి దూరడం ఎంత అరుదంటే, దూర్చినవాడికి చూసేవాళ్ల దుప్పట్లన్నీ దక్కుతాయని ఆనవాయితీ. అది జరగ్గానే జనం దుప్పట్లు పట్టుకుని పరుగో పరుగు.

లెక్కల మాస్టారు
ఇప్పుడు అర్థమైంది. మామూలు రోజున ఇది జూదమూ ఆటా. పండగ రోజున గుడి ముందు జరిగేది వేరు. రెండింటినీ గైడు ఒక్క మూటలో కట్టేశాడు.

మరి వలయం లేకపోతే పాయింట్లు ఎలా?

రాళ్లపిచ్చి
వలయాలు తర్వాతి కాలంలో వచ్చినవి మాస్టారూ. పాత మైదానాలు చాలావాటికి అసలు లేవు. హోండురాస్‌లోని కోపాన్‌లో వలయాలకు బదులు అరుగుల మీద పంచవన్నెల చిలకల తలలుంటాయి, వైపుకి మూడు. బంతిని నేల మీద ఆగిపోనివ్వకుండా అటూ ఇటూ పంపడమే ఆట. అవతలివాడు అందుకోలేకపోతే నీకు పాయింటు. ఇప్పటి ఉలామాలో కూడా వలయం ఉండదు.

కోపాన్ పేరు వచ్చింది కాబట్టి చెప్పాల్సిందే. అక్కడ వాషాక్లాహూన్ ఊబాహ్ కవీల్ అనే గొప్ప రాజు, పాత పుస్తకాల్లో పద్దెనిమిది కుందేలు అని రాసేవారు, క్రీ.శ. 695లో గద్దెనెక్కాడు. ఆ నగరంలో నిలువెత్తు రాతి స్తంభాలు చాలావరకు ఆయనవే. బంతి మైదానాన్ని తిరగగట్టి 738 జనవరి 6న ప్రతిష్ఠ చేశాడు. అదే ఏడాది మే 3న, నాలుగు నెలలు కూడా తిరగకుండా, ఆయన తలే తెగింది. నరికించింది ఎవరో కాదు, పక్కనున్న క్విరిగువా రాజు కాక్ తిలివ్. 725లో ఈయన చేతుల మీదుగా గద్దెనెక్కిన సామంతుడే! క్విరిగువావాళ్లు ఆ తేదీని తమ రాళ్ల మీద మళ్లీ మళ్లీ చెక్కుకున్నారు. కోపాన్‌లో ఆ తర్వాత కొన్నేళ్లు కొత్త శాసనం లేదు.

నేను ఫొటోల్లో ఆ మైదానాన్ని చూసినప్పుడల్లా కొత్త సున్నం ఆరకముందే చచ్చిపోయాడే అనుకుంటాను.

డాలస్ చిన్నోడు
ఇది వినగానే ఒళ్లు జలదరించింది. అయితే మైదానం ఎప్పుడూ గుడి పక్కనే ఎందుకు? అక్కడ పిరమిడ్, పక్కన పుర్రెల అరుగు, గోడ మీదే పులుల గుడి. అన్నీ ఒకే చోట కుక్కినట్టు అనిపించింది.

గోదారి గట్టు
గుడి ఆకాశం వైపు ఎక్కే దారి, మైదానం పాతాళం వైపు దిగే దారి. మాయావాళ్ల పోపోల్ వూహ్ కథ చూడండి. అన్నదమ్ములిద్దరు బంతాడుతూ గోల చేస్తుంటే కింద షిబాల్బా అనే పాతాళ ప్రభువులకి నిద్ర పట్టలేదు. ఆటకి రమ్మని కబురంపి, మోసం చేసి చంపేశారు. పెద్దవాడి తలని ఒక చెట్టుకి వేలాడదీస్తే కాయలు కాయని ఆ చెట్టు నిండా కాయలు కాశాయి. పాతాళ ప్రభువు కూతురు చూడ్డానికి వెళ్తే ఆ పుర్రె ఆమె అరచేతిలో ఉమ్మింది, ఆమె గర్భవతి అయింది. పుట్టిన కవలలు హునాహ్పూ, ష్బలాంకే. వాళ్లూ కిందకి దిగి ఆడారు. ఒక రాత్రి గబ్బిలం హునాహ్పూ తల కొరికేస్తే, పాతాళంవాళ్లు ఆ తలనే బంతిగా తెచ్చారు. ష్బలాంకే బంతిని బయటికి కొట్టాడు, పొదలోంచి ఒక కుందేలు ఎగురుకుంటూ పోతే అదే బంతి అనుకుని అందరూ దాని వెంట పడ్డారు. ఆ సందులో తమ్ముడు అన్న తల తిరిగి అతికించేశాడు.

అంటే తల తెగడం, చెట్టు కాయడం, మళ్లీ బతకడం అన్నీ బంతి చుట్టూనే. రాళ్లపిచ్చి గారు చెప్పిన పూల తీగ అక్కడి నుంచి వచ్చిందే అని నా నమ్మకం.

రాళ్లపిచ్చి
బాగా చెప్పారు. ఆజ్టెక్‌లదీ ఇలాంటిదే. వాళ్ల యుద్ధ దేవుడు కోతెపెక్ కొండ మీద అక్క కోయోల్‌షౌకీ తల నరికాడని కథ. ఆ కథ ఇంకో రూపంలో అది జరిగింది బంతి మైదానంలోనే. 1978లో మెక్సికో సిటీలో కరెంటు పనివాళ్లు గొయ్యి తవ్వుతుంటే ఆ అక్క బొమ్మ చెక్కిన గుండ్రటి రాయి తగిలింది. మూడు మీటర్లకు పైన అడ్డం, సుమారు 8 టన్నులు. సరిగ్గా పెద్ద గుడి మెట్ల కింద, బలయినవాళ్ల దేహాలు దొర్లి పడేచోట పెట్టారు దాన్ని.

ఆ గుడి ఆవరణలోని బంతి మైదానం కూడా బయటపడింది, 2017లో చూపించారు. కథీడ్రల్ వెనక వీధిలో. దాని మెట్ల దగ్గర 32 మంది మెడ ఎముకలు గుట్టగా దొరికాయి.

గోల్కొండ గల్లీ
మెడ ఎముకలే దొరికినయా? ఇగ నేను రాత్రికి అన్నం తిన్నట్టే.

కృష్ణాతీరం
మెక్సికో సిటీ దగ్గరున్న పాత నగరం తియోతివాకాన్‌లో పిరమిడ్లు చాలా పెద్దవి కదా, అక్కడి మైదానం ఎంత ఉంటుంది?

రాళ్లపిచ్చి
అదే విచిత్రం. సూర్య పిరమిడ్ 65 మీటర్ల ఎత్తు, కానీ ఆ నగరంలో రాతితో కట్టిన బంతి మైదానం ఒక్కటీ దొరకలేదు. గోడ బొమ్మల్లో కర్రలతో బంతి ఆడుతున్న మనుషులు మాత్రం ఉన్నారు. వెరాక్రూజ్‌లోని ఎల్ తహీన్ అనే పాత నగరంలో చూస్తే ఒక్క ఊళ్లోనే 20 దాకా మైదానాలు!

డాలస్ చిన్నోడు
రాత్రి ఫొటోలన్నీ టీవీలో పెట్టి నాన్నగారికి చూపించాను. ఎండ పక్కనుంచి పడటంతో ఒక ఫలకం బాగా వచ్చింది. పెద్దది చేస్తే బంతిలో పుర్రె పళ్లతో సహా కనిపించింది. పాములు లెక్కపెట్టాం, అటు మూడు ఇటు మూడు, నడుమ తీగ. గైడు చూపించిన రోజు ఒక్కటీ కనబడలేదు, మా చిన్నది పక్కనే కొన్న పులి గాండ్రింపు ఈలతో చెవులు చిల్లులు పొడుస్తోంది మరి.

నాన్నగారు కళ్లజోడు సర్దుకుని, లేచి టీవీ దాకా వెళ్లి చూశారు. తల ఉన్నవాడు, లేనివాడు ఇద్దరికీ నడుముకి ఒకేలాంటి లావు పట్టీ. ఇటు ఏడుగురు, అటు ఏడుగురు, అందరి మొహాలూ గంభీరంగా ఉన్నాయి. "ఒక్కడూ సంబరపడట్లేదేంట్రా? గెలిచిన జట్టులో ఒక్కడైనా నవ్వాలి కదా" అన్నారు. తర్వాత ఇంకాసేపు చూసి, కోపాన్ ఎంత దూరం అని అడిగారు.

గోల్కొండ గల్లీ
అన్నా, పోతే నాకు గూడా చెప్పు. ఈసారి బంతి నేను మోస్తా.